సైలేన్ ప్లాస్మాలో నానో కణాలు: అన్నిటికీ రుణావేశమే అయితే ఒకదానికొకటి ఎలా అతుక్కుంటున్నాయి?

నానో_నవీన | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. మా ల్యాబ్‌లో ఆర్గాన్‌లో కొద్దిగా సైలేన్ (ఒక సిలికాన్, నాలుగు హైడ్రోజన్లున్న వాయువు) కలిపి, పదుల పాస్కల్స్ ప్రెషర్ దగ్గర 13.56 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) డిశ్చార్జ్, అంటే ప్లాస్మా, నడుపుతున్నాం. ఎలక్ట్రోడ్ల మధ్య నుంచి ఆకుపచ్చ లేజర్ పంపిస్తే మొదట ఏమీ కనబడదు. కాసేపటికి హఠాత్తుగా కిరణం వెలుగుతుంది, అంటే కణాలు పుట్టాయన్నమాట.

ఇక నా సందేహం. ప్లాస్మాలో ఏ కణం పడినా, వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు అయాన్లకంటే ముందు దాన్ని చేరతాయి కాబట్టి దానికి రుణావేశం వస్తుందని ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ తర్వాత చాప్టర్‌లోనే, 2, 3 నానోమీటర్ల కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి 40, 50 నానోమీటర్లకు చేరతాయని ఉంది. రెండూ ఎలా కుదురుతాయి?

లెక్క కూడా వేశాను. 1 నానోమీటర్ వ్యాసార్ధం ఉన్న కణాలు రెండు, ఒక్కోదాని మీద ఒక్కటే ఎలక్ట్రాన్ ఉందనుకుందాం. అవి తాకాలంటే 0.72 ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి కావాలి. గది ఉష్ణోగ్రతలో వాటి దగ్గర ఉండేది 0.026. దాదాపు 28 రెట్ల తేడా. ఇంక అతుక్కునేదెక్కడ? మా గైడ్ గారిని అడిగితే "చదువు, తెలుస్తుంది" అన్నారు. చదివాక కన్‌ఫ్యూజన్ ఇంకా పెరిగింది.

---

బుల్లెట్_బాబి | శనివారం, రాత్రి 9:30

దారి తప్పి ఈ సెక్షన్‌కి వచ్చాను. ప్లాస్మా అంటే వేల డిగ్రీలు కదండీ? మీ ఛాంబర్ కరిగిపోదా?

---

డిబై_దూరం | శనివారం, రాత్రి 10:05

బాబి గారూ, వెలుగుతున్న ట్యూబ్‌లైట్‌ని చేత్తో పట్టుకుంటే కాలదు కదా, అది కూడా ప్లాస్మానే. ఈ ప్రెషర్లలో వేడంతా ఎలక్ట్రాన్లదే. వాటి ఉష్ణోగ్రత 2, 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే దాదాపు 11,600 కెల్విన్. కానీ గ్యాస్ అణువులు కొన్ని లక్షలుంటే ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అది ఎంత వేడిగా ఉన్నా, తనకంటే వేల రెట్లు బరువైన అణువుని ఢీకొట్టి ఇచ్చే వేడి చాలా తక్కువ. అందుకే గ్యాస్ దాదాపు గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. లో టెంపరేచర్ ప్లాస్మా అనేది అందుకే.

నవీనా, నీ లెక్క సరైనదే. పుస్తకంలో ఉన్నదీ సరైనదే. నువ్వు చదివిన చార్జింగ్ సూత్రం ఒంటరి కణానికి వర్తించేది, ఇబ్బందంతా అక్కడే ఉంది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, గ్యాస్ ఆర్గాన్ అనుకుంటే ఒంటరి కణం మైనస్ 7 వోల్ట్‌ల దగ్గర స్థిరపడుతుంది. 10 నానోమీటర్ల వ్యాసార్ధానికి అది దాదాపు 50 ఎలక్ట్రాన్లు. 1 నానోమీటర్‌కి 5. వ్యాసార్ధంతో పాటే నేరుగా పెరుగుతుంది.

మరి నీ ఛాంబర్‌లో ఆ కణం ఒంటరిగా ఉందా? మొలక దశలో (రుణ అయాన్లు మెట్టుమెట్టుగా పెరిగి తొలి కణాలు పుట్టే దశ) ఒక ఘన సెంటీమీటర్‌లో వెయ్యి కోట్ల నుంచి పది వేల కోట్ల దాకా కణాలుంటాయి. ధన అయాన్లు వంద కోట్ల నుంచి వెయ్యి కోట్లు. ప్లాస్మా మొత్తంగా తటస్థంగా ఉండి తీరాలి కాబట్టి, ఎలక్ట్రాన్లూ కణాల మీది రుణావేశమూ కలిపి ధన అయాన్ల లెక్కను దాటలేవు. కణాలే అయాన్లకంటే ఎక్కువ ఉన్నప్పుడు తలా ఒక ఎలక్ట్రాన్ కూడా రాదు. ఎక్కువ భాగం తటస్థంగా మిగిలిపోతాయి. అలాంటివి రెండు తగిలితే ఆపేదెవరు?

---

మాస్టారు_కాకినాడ | శనివారం, రాత్రి 10:41

బాగా చెప్పావు నాయనా. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయిన వాణ్ణి, ఈ సబ్జెక్టు మా కాలంలో సిలబస్‌లో లేదు. నాకు అర్థమైంది ఇది: వంద మందికి వండిన పెళ్లికి వెయ్యి మంది వచ్చారు. తలా ఒక బూరె అని పంచుదామన్నా తొమ్మిది వందల విస్తళ్లు ఖాళీ. అంతేనా?

అయితే ఒక ప్రశ్న. తటస్థంగా ఉన్న కణాన్ని ప్లాస్మా పట్టి ఉంచలేదు కదా. గోడల వైపు వెళ్లి అతుక్కుపోవాలి. అది కలిసి పెరిగేదాకా ఎందుకు ఆగుతుంది?

---

డిబై_దూరం | శనివారం, రాత్రి 11:20

అంతేనండి మాస్టారూ. కాకపోతే మీ పెళ్లిలో ఒకరి విస్తట్లోని బూరె మరుక్షణం పక్కవాళ్ల విస్తట్లో ఉంటుంది. తటస్థం అన్నది ఏ కణానికీ శాశ్వత స్థితి కాదు. ఎలక్ట్రాన్ వచ్చి తగిలితే రుణావేశం, అయాన్ వచ్చి తగిలితే మళ్లీ తటస్థం, ఇంకో అయాన్ తగిలితే కాసేపు ధనావేశం కూడా. 2 నానోమీటర్ల కణం ఇలా మారుతూనే ఉంటుంది.

ఇక గోడ సంగతి. కాస్త బరువైన కణం గోడ దాకా నడిచి వెళ్లడానికి పట్టే సమయం, అది మళ్లీ ఒక ఎలక్ట్రాన్‌ని పట్టుకోవడానికి పట్టే సమయంకంటే చాలా ఎక్కువ. దారిలో రుణావేశం రాగానే షీత్ (గోడ పక్కన ఎలక్ట్రాన్లు తక్కువగా ఉండే పలుచని పొర) దాన్ని వెనక్కి నెడుతుంది. ప్లాస్మా మధ్యభాగం గోడలకంటే ఎప్పుడూ ధన పొటెన్షియల్‌లో ఉంటుంది కాబట్టి రుణావేశం ఉన్నదేదీ బయటికి పోలేదు. అంటే అప్పుడప్పుడూ వచ్చే ఆవేశం బయటికి పోకుండా కాపాడుతుంది, అప్పుడప్పుడూ వచ్చే తటస్థత అతుక్కోనిస్తుంది.

ఇంకో సహాయం కూడా ఉంది. ఆవేశం ఉన్న కణం తటస్థ కణం దగ్గరికి వస్తే దాన్ని ధ్రువీకరించి (దానిలోని ఆవేశాలను అటూఇటూ జరిపి) తనవైపు లాక్కుంటుంది. సిలికాన్ లాంటి పదార్థంలో ఈ ఆకర్షణ చిన్నదేం కాదు. తటస్థమైనవి రెండు ఊరికే తగలడంకంటే ఇలాంటి జంటలు త్వరగా కలుస్తాయి.

---

రసాయన_రాణి | ఆదివారం, ఉదయం 7:15

రాత్రంతా ఫిజిక్స్ వాళ్లు కణం తయారయ్యాక ఏమవుతుందో చెప్పుకున్నారు. అసలు 2 నానోమీటర్ల కణం ఎక్కడి నుంచి వచ్చింది? అందులో దాదాపు 200 సిలికాన్ పరమాణువులుంటాయి. సైలేన్‌లో ఉండేది ఒక్కటి. ఆ ఒకటి నుంచి 200 దాకా ఎలా చేరింది అన్నదే నా దృష్టిలో అసలు కథ.

సైలేన్‌ని ఎలక్ట్రాన్ ఢీకొంటే ఎక్కువగా విరిగిపోయి మూడు హైడ్రోజన్లున్న రాడికల్ (విరిగి మిగిలిన చురుకైన ముక్క), రెండే ఉన్న సైలిలీన్ వస్తాయి. సైలిలీన్ మహా చురుకైనది, ఇంకో సైలేన్‌లోకి దూరి డైసైలేన్, ట్రైసైలేన్ అలా పెంచుకుంటూ పోతుంది. చాలామంది కణాల పుట్టుకను ఈ తటస్థ మార్గంతోనే వివరించడానికి ప్రయత్నించారు. రుణ అయాన్లు లేకుండా కుదరదని మీరు ఎలా అంటారు?

---

డిబై_దూరం | ఆదివారం, ఉదయం 8:02

రాణి గారూ, కుదరదని చెప్పేది గడియారం. ఆ ప్రెషర్‌లో, నాలుగు సెంటీమీటర్ల గ్యాప్‌లో చిన్న తటస్థ రాడికల్ గోడకు చేరడానికి ఒకటి రెండు మిల్లీసెకన్లు చాలు. చేరిందంటే గోడ మీది ఫిల్మ్‌లో కలిసిపోయింది, దాని కథ అయిపోయింది. అంతలోగా 200 పరమాణువుల దాకా ఎదగడం సైలిలీన్ ఎంత చురుకైనదైనా కష్టమే.

రుణ అయాన్‌కి ఈ గడువు లేదు. ఎలక్ట్రాన్ సైలేన్‌కి తగులుకుని ఒక హైడ్రోజన్‌ని వదిలించుకుంటే మూడు హైడ్రోజన్ల రుణ అయాన్ మిగులుతుంది. అది ఇంకో సైలేన్‌తో కలిసి హైడ్రోజన్ అణువును వదిలేస్తుంది, రెండు సిలికాన్ల రుణ అయాన్ అవుతుంది. మళ్లీ అదే తంతు. ఒక్కో మెట్టు నెమ్మదే, కానీ షీత్‌లు బయటికి పోనివ్వవు కాబట్టి తొందరేమీ లేదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1990ల్లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో హోలెన్‌స్టైన్, హౌలింగ్ బృందం సైలేన్ ప్లాస్మాకు మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల, అయాన్ల బరువు కొలిచే పరికరం) తగిలించి చూసింది. ధన అయాన్లు, తటస్థ అణువులు కొద్ది సిలికాన్ల దగ్గరే ఆగిపోయాయి. రుణ అయాన్లు మాత్రం వెయ్యి మాస్ యూనిట్లు దాటి కనిపించాయి. పైగా వాళ్లు ఆర్‌ఎఫ్ పవర్‌ని సెకనుకు వెయ్యి సార్లకు అటూఇటూగా ఆపి ఆపి ఇచ్చారు. ఆగిన ప్రతిసారీ షీత్ కూలిపోయి, రుణ అయాన్లు బయటపడ్డాయి. పౌడర్ దాదాపు మాయమైంది. తటస్థ మార్గమే ముఖ్యమైతే పవర్ ఆపి ఆపి ఇవ్వడం వల్ల పౌడర్ అంతగా తగ్గకూడదు కదా.

---

రసాయన_రాణి | ఆదివారం, ఉదయం 8:40

మాస్ స్పెక్ట్రోమీటర్ సాక్ష్యం గట్టిదే, కాదనను. కానీ అది ఒక రకం రియాక్టర్‌కి. మీ వాదనకు ఆధారం రుణ అయాన్లు ఎక్కువసేపు చిక్కుకుని ఉండటం. గ్యాస్ మొత్తం కొన్ని మిల్లీసెకన్లలో దాటిపోయే సన్నని గొట్టం రియాక్టర్లలో, ఎలక్ట్రాన్ల సాంద్రత ఇంకా ఎక్కువగా ఉండేచోట, తటస్థ, ధన అయాన్ మార్గాలను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎసిటిలీన్ ప్లాస్మాలో అయితే ధన అయాన్లు కూడా బాగా పెద్దవవుతాయి. "సైలేన్‌లో, తక్కువ ప్రెషర్‌లో, రెండు పలకల మధ్య" అన్న మూడు షరతులు కలిపి చెబితే ఒప్పుకుంటాను.

ఇంకో విషయం. సైలేన్‌కి ఎలక్ట్రాన్ అలా తగులుకోవాలంటే 7 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా శక్తి కావాలి. అంత వేగమున్నవి తక్కువే. అణువు అప్పటికే కంపిస్తూ ఉంటే ఆ పని సులువవుతుందని ఒక వివరణ ఉంది. గ్యాస్‌ని వేడిచేస్తే పౌడర్ రావడం ఎందుకు ఆలస్యమవుతుంది అన్నదానికి కూడా దీంతోనే సమాధానం చెబుతారు: వేడిలో ఆ కంపనాలు త్వరగా చల్లారిపోతాయని. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. వేడికి గ్యాస్ సాంద్రత తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

---

వాక్యూమ్_మావయ్య | ఆదివారం, ఉదయం 11:25

ఎందుకో మీరు తేల్చుకోండి, ఫలితం మాత్రం పక్కా. నేను థిన్ ఫిల్మ్ సోలార్ లైన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. సబ్‌స్ట్రేట్ (ఫిల్మ్ పడే పలక) చల్లగా ఉంచి పవర్ పెంచామా, ఛాంబర్ నిండా పసుపు గోధుమ రంగు పౌడర్. 200 డిగ్రీల దగ్గర నడిపితే అదే రెసిపీకి బతికిపోయేవాళ్లం. పౌడర్ పంప్ ఆయిల్‌లో చేరితే ఆయిల్ బురదైపోతుంది. ఆ రోజు షిఫ్ట్ మొత్తం టెన్షనే.

మీకు నానో కణం అంటే అద్భుతం, మాకు అది శత్రువు. మొదట ఈ రంగానికి డబ్బులొచ్చింది కూడా దాన్ని వదిలించుకోవడానికే. 1980ల చివర్లో ఐబీఎంలో గ్యారీ సెల్విన్ ఎచింగ్ (చిప్‌ల కోసం చెక్కే) ప్లాస్మాలోకి లేజర్ పంపి చూస్తే, వేఫర్ (చిప్‌లు తయారుచేసే సిలికాన్ పలక) పైన కణాలు గాల్లో తేలుతూ కనిపించాయి. వేఫర్ అంచు చుట్టూ ఉంగరంలా, మధ్యలో గుమ్మటంలా. అప్పటిదాకా ఫ్యాబ్‌లలో (చిప్ ఫ్యాక్టరీల్లో) అందరి అనుమానం మనుషుల మీద, గాలి మీద. క్లీన్ రూమ్‌ని ఎంత శుభ్రం చేసినా దుమ్ము పోలేదంటే, దుమ్ము యంత్రంలోనే తయారవుతోంది! అదీ, ప్లాస్మా ఆపిన క్షణంలో తేలుతున్నవన్నీ వేఫర్ మీద పడిపోతున్నాయి. తర్వాత ఎలక్ట్రోడ్లలో గాడులు కోసి కణాలను పక్కకు జారుకునేలా చేయడం మొదలైంది.

నిజానికి ఇంకా ముందే చూసినవాళ్లున్నారు. ప్లాస్మా అనే పేరు పెట్టిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1924లోనే డిశ్చార్జ్‌లో టంగ్‌స్టన్ రేణువులు కదలడం గురించి రాశాడు. తర్వాత అరవై ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు, ఎందుకంటే ఎవరి డబ్బూ పోలేదు.

---

నానో_నవీన | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అందరికీ చాలా థ్యాంక్స్. మావయ్యా, మా ఛాంబర్‌లో కూడా అదే రంగు పౌడర్.

డిబై అన్నా, ఒకటి మిగిలింది. ఎలక్ట్రాన్లు చాలవు కాబట్టి అతుక్కుంటాయి, సరే. మరి అలా అతుక్కుంటూనే ఎందుకు పోవు? మా శాంపిల్‌ని మైక్రోస్కోప్‌లో చూస్తే అన్నీ దాదాపు ఒకే సైజు. ఎక్కడో ఆగిపోతున్నాయి కదా. ఇంకోటి, లేజర్ కాంతి మొదట ఏమీ లేకుండా హఠాత్తుగా ఎందుకు వస్తోంది? కణాలు ఆలస్యంగా పుడుతున్నాయా?

---

డిబై_దూరం | ఆదివారం, మధ్యాహ్నం 2:34

రెండిటికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. కణాలు కలిసినప్పుడు మొత్తం ఘనపరిమాణం మారదు. 2 నానోమీటర్ల వ్యాసం నుంచి 40కి పెరగాలంటే ఒక్కో పెద్ద కణంలో 8,000 చిన్నవి కలవాలి. పది వేల కోట్లతో మొదలైతే చివరికి ఘన సెంటీమీటర్‌కి కోటి పాతిక లక్షలు మిగులుతాయి. ఇప్పుడు అయాన్లు వెయ్యి కోట్లు, కణాలు కోటి చిల్లర. ఎలక్ట్రాన్ల కరువు తీరిపోయింది. ఒక్కో కణం తనకు కావలసిన వంద ఎలక్ట్రాన్లూ తీసుకుంటుంది. వంద వంద ఆవేశంతో 40 నానోమీటర్ల కణాలు రెండు తాకాలంటే నీ 0.72 స్థానంలో 360 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు కావాలి. కోయాగ్యులేషన్ (కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం) అక్కడితో ఆగిపోతుంది.

ఒకే సైజు రావడం కూడా ఇందువల్లే. వెనకబడిన చిన్న కణం ఆవేశం నిలుపుకోలేదు, కాబట్టి ఏదో ఒక పెద్దదానికి చిక్కుతుంది. పెద్దవి రెండు మాత్రం కలవలేవు. ఆ తర్వాత పెరుగుదల అంతా రాడికల్స్, అయాన్లు వచ్చి పైన పొరలా చేరడం వల్లే. అన్నిటి మీదా దాదాపు ఒకే వేగంతో పొర చేరుతుంది కాబట్టి సైజులో తేడా పెరగదు. మొలక, కోయాగ్యులేషన్, పొర చేరడం అనే ఈ మూడు దశలనూ ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో బుఫెందీ, బుషూల్ 1990ల మొదట్లో ఆర్గాన్, సైలేన్ మిశ్రమంలోనే, అంటే నీ సెటప్ లాంటిదాంట్లోనే, ప్లాస్మాని వేరువేరు సమయాల్లో ఆపి, దొరికిన కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించారు. చిన్న మొలకలు క్రిస్టల్స్, వాటి గుంపు మాత్రం కాలీఫ్లవర్‌లా గరుకుగా ఉంటుంది.

లేజర్ సంగతి: ఒక్కో కణం వెదజల్లే కాంతి వ్యాసానికి ఆరో ఘాతంగా పెరుగుతుంది. 2 నుంచి 40కి అంటే ఒక్కో కణానికి ఆరు కోట్ల రెట్లకు పైగా. సంఖ్య 8,000 రెట్లు తగ్గినా మొత్తం కాంతి 8,000 రెట్లు పెరిగినట్టే. కాబట్టి ఆలస్యంగా పుట్టడం లేదు. మొదటి నుంచీ ఉన్నాయి, నీ లేజర్‌కి కనబడే సైజుకు రావడానికే ఆ సమయం పట్టింది. నువ్వు చూసిన ఆ హఠాత్ వెలుగు పుట్టుక కాదు, కోయాగ్యులేషన్.

---

మాస్టారు_కాకినాడ | ఆదివారం, సాయంత్రం 4:18

"చిన్న మొలకలు క్రిస్టల్స్" అన్నావు. గ్యాస్ గది ఉష్ణోగ్రతలో ఉందని బాబికి నువ్వే చెప్పావు. సిలికాన్ క్రిస్టల్ అవ్వాలంటే కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి. చల్లని గ్యాస్‌లో తేలుతున్న కణానికి ఆ వేడి ఎక్కడిది?

---

క్వార్ట్జ్_గొట్టం | ఆదివారం, సాయంత్రం 6:50

మాస్టారు గారూ, ఇది నేను పనిచేసిన విషయం కాబట్టి దూరుతున్నాను. సిలికాన్ నానో క్రిస్టల్స్ తయారుచేసే ల్యాబ్‌లో కొన్నాళ్లున్నాను. మాకు పౌడర్ శత్రువు కాదు, అదే సరుకు.

కణం మీద ఒక ఎలక్ట్రాన్, ఒక ఆర్గాన్ అయాన్ కలిసి తటస్థమైతే 15.8 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి విడుదలవుతుంది. దాదాపు అంతా కణంలోకే పోతుంది. పెద్ద వస్తువుకి అది లెక్కలోకి రాదు. 2 నానోమీటర్ల కణంలో పరమాణువులు 210 మాత్రమే కాబట్టి ఒక్క దెబ్బకు దాని ఉష్ణోగ్రత దాదాపు 300 డిగ్రీలు ఎగురుతుంది. అదే 5 నానోమీటర్లయితే 20 డిగ్రీలు కూడా పెరగదు. 10 నానోమీటర్లయితే రెండు డిగ్రీలు. ఉపరితలం మీద హైడ్రోజన్ పరమాణువులు రెండు కలిసినప్పుడు ఇంకో 4.5 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు విడుదలవుతాయి, అలాంటి ఘటనలు చాలా ఎక్కువ. ఇక చల్లారడం గ్యాస్ అణువులు వచ్చి తగిలితేనే. తక్కువ ప్రెషర్‌లో అవి తగిలేది తక్కువ. దాంతో కణం సగటున గ్యాస్‌కంటే వందల డిగ్రీలు వేడిగా ఉండిపోతుంది. పైగా చిన్న సిలికాన్ కణం క్రిస్టల్ కావడానికి పెద్ద ముక్కకు కావలసినంత వేడి అక్కర్లేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉవే కోర్ట్స్‌హాగెన్ బృందం 2005లో దీన్ని తయారీ పద్ధతిగా మార్చింది. సన్నని క్వార్ట్జ్ గొట్టం, బయట రింగ్ ఎలక్ట్రోడ్లు, లోపల ఆర్గాన్, సైలేన్. గ్యాస్ ప్లాస్మాలో ఉండేది కొన్ని మిల్లీసెకన్లు. కోయాగ్యులేషన్ పూర్తిగా ముదరకముందే కణాలు బయటికి వచ్చేస్తాయి, సైజు కొద్ది నానోమీటర్ల దగ్గర ఆగుతుంది. గంటకు పదుల మిల్లీగ్రాములు. పవర్ తక్కువైతే అమార్ఫస్ (లోపల క్రమం లేని) కణాలు, పెంచితే అదే సైజులో క్రిస్టల్స్. ఉపరితలానికి ఆర్గానిక్ పూత వేస్తే ఎర్రగా వెలుగుతాయి. మామూలు సిలికాన్ కాంతి ఇవ్వడంలో ఎంత పేదదో ఫిజిక్స్ మాస్టారికి చెప్పనక్కర్లేదు. ఈ కణాల క్వాంటమ్ యీల్డ్ (పీల్చుకున్న కాంతి కణాల్లో తిరిగి వెలువడే వంతు) 60 శాతం దాటిందని మరుసటి ఏడాదే చూపించారు.

ఇంకో లాభం నాకు చాలా ఇష్టం. ద్రావణంలో నానో కణాలు చేస్తే అవి ముద్దకట్టకుండా ఏదో ఒక రసాయనం చుట్టాలి. ప్లాస్మాలో ఆ పని ఆవేశమే చేస్తుంది. రాణి గారు గొట్టం రియాక్టర్ గురించి చెప్పింది మాత్రం నిజం. అక్కడ మొలక ఎలా పడుతుందో రుణ అయాన్లతో మాత్రమే తేల్చేయలేం.

---

వాక్యూమ్_మావయ్య | ఆదివారం, రాత్రి 8:15

మీ సరుకు మా ఫిల్మ్‌లోకి వస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. అమార్ఫస్ సిలికాన్ సోలార్ సెల్ ఎండలో పెడితే మొదట్లో కొంత సామర్థ్యం పోతుంది. స్టేబ్లర్, రాన్‌స్కీ 1977లో చెప్పిన సంగతి. జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్లు, వతనబే, షిరతాని, కంటికి కనిపించే పౌడర్ కాదు, 10 నానోమీటర్లలోపు క్లస్టర్లు (చిన్న గుంపులు) ఫిల్మ్‌లో కలవడమే అందులో పెద్ద దోషి అని ఏళ్ల తరబడి చూపించారు. గ్యాస్ ప్రవాహంతో, ఉష్ణోగ్రత తేడాతో ఆ క్లస్టర్లను పక్కకు తోసేస్తే సెల్ నిలకడగా ఉంది.

అదే సమయంలో పారిస్ పక్కన ఎకోల్ పాలిటెక్నిక్‌లో రోకా ఇ కబారోకాస్ సరిగ్గా దీనికి ఎదురు వెళ్లాడు. పౌడర్ మొదలయ్యే అంచున ప్లాస్మాని నడిపి, నానో క్రిస్టల్స్‌ని కావాలనే ఫిల్మ్‌లోకి రానిచ్చాడు. పాలిమార్ఫస్ సిలికాన్ అన్నారు దాన్ని. అది కూడా బాగానే పనిచేసింది! తేడా ఏమిటంటే అమార్ఫస్ క్లస్టరా, క్రిస్టల్ క్లస్టరా అన్నది. ఆ అంచున లైన్‌ని నిలబెట్టడం మాత్రం ల్యాబ్‌లో వీలవుతుంది, ఫ్యాక్టరీలో రోజూ చేయాలంటే నాకు నమ్మకం లేదు.

---

శని_చుట్టూ | ఆదివారం, రాత్రి 9:05

నేను ఆస్ట్రానమీ సెక్షన్ మనిషిని. మీరు రుణ అయాన్లు అంటుంటే ఆగలేకపోయాను. శని ఉపగ్రహం టైటాన్ చుట్టూ నారింజ రంగు పొగ ఉంటుంది. నైట్రోజన్, మీథేన్ వాతావరణం మీద సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, శని చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు పడి అది తయారవుతుంది. కసీనీ నౌక దాదాపు 1,000 కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్తూ 10,000 మాస్ యూనిట్లు దాటిన రుణ అయాన్లను పట్టింది. 2007లో ఆ ఫలితం వచ్చినప్పుడు అక్కడ అంత బరువైనవి ఉంటాయని ఎవరూ అనుకోలేదు. ఫ్రాన్స్‌లో పాంప్రే అనే ప్రయోగంలో నైట్రోజన్, మీథేన్ కలిపి మీలాగే 13.56 మెగాహెర్ట్జ్ ప్లాస్మాలో ఆ పొగ కణాలను తేలుతూ ఉండగానే పెంచుతున్నారు.

---

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 9:20

టైటాన్ మీద విడిగా థ్రెడ్ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ నవీన గారి ప్రశ్నకే పరిమితం అవుదాం.

---

నానో_నవీన | సోమవారం, ఉదయం 10:02

టైటాన్ థ్రెడ్ తెరిస్తే నేనూ వస్తాను!

నిన్న రాత్రి ఎక్కువసేపు నడిపి చూశాను. రెండు కొత్త విషయాలు. కణాలు పెద్దవయ్యాక ప్లాస్మా మధ్యలో కణాలు లేని నల్లటి గుండ్రటి ఖాళీ ఒకటి ఏర్పడి పెద్దదవుతోంది. దాని చుట్టూ లేజర్ వెలుగులో పట్టీలు పట్టీలుగా ఏదో కదులుతోంది, కంటితో చూడగలిగేంత నెమ్మదిగా. మొత్తంగా ప్లాస్మా కూడా మొదటికంటే ప్రకాశవంతంగా ఉంది. పవర్ నేను మార్చలేదు.

---

డిబై_దూరం | సోమవారం, ఉదయం 11:47

మంచి డేటా, వీడియో దాచుకో.

ఖాళీని వాయిడ్ అంటారు. మధ్య నుంచి బయటికి ప్రవహించే అయాన్లు కణాలను తమతో పాటు తోస్తాయి. విద్యుత్ బలం మాత్రం లోపలికి లాగుతుంది. విద్యుత్ బలం వ్యాసార్ధంతో పెరుగుతుంది, అయాన్ల తోపుడు దాదాపు దాని వర్గంతో. కాబట్టి కణం చిన్నగా ఉన్నప్పుడు విద్యుత్ బలం గెలుస్తుంది, ఒక సైజు దాటాక తోపుడు గెలుస్తుంది. గురుత్వాకర్షణ ఘనంతో పెరిగినా ఈ సైజుల్లో ఇంకా లెక్కలోకి రాదు. ఖాళీ అయిన మధ్యభాగంలో మళ్లీ కొత్త మొలకలు పుడతాయి చూడు. అలా తరాలు తరాలుగా సాగుతుంది.

పట్టీలు డస్ట్ అకౌస్టిక్ తరంగాలు అయ్యుంటాయి. ఆవేశమున్న కణాలే బరువు, ఎలక్ట్రాన్ల, అయాన్ల పీడనమే స్ప్రింగ్. ఇలాంటివి ఉంటాయని అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీకి చెందిన ఎన్.ఎన్. రావు, శుక్లా, యు కలిసి 1990లో కాగితం మీద చెప్పారు. ఐదేళ్లకు అయోవాలో మెర్లినో బృందం కెమెరాతో తీసింది.

ప్రకాశం పెరగడానికి కారణం: కణాలు ఎలక్ట్రాన్లను మింగేస్తున్నాయి. మిగిలిన కొద్ది ఎలక్ట్రాన్లే మొత్తం అయనీకరణాన్ని నడపాలి కాబట్టి వాటి ఉష్ణోగ్రత పెరుగుతుంది. వేడి ఎలక్ట్రాన్లు ఆర్గాన్‌ని ఎక్కువగా ఉత్తేజపరుస్తాయి, అందుకే వెలుగు. ఈ మార్పు డిశ్చార్జ్ విద్యుత్ లక్షణాల్లో కూడా కనిపిస్తుంది. ఓర్లియాన్స్ వాళ్లు ఆర్‌ఎఫ్ సిగ్నల్‌లోని మూడో హార్మోనిక్‌ని (అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గరుండే భాగాన్ని) కాలంతో పాటు గీసి, 5 నానోమీటర్లలోపు కణాలు వచ్చిన సంగతి పట్టేశారు. లేజర్‌కి కనబడనిది ఓసిల్లోస్కోప్‌కి కనబడుతుంది. నీ దగ్గర స్కోప్ ఉందిగా, 40.68 మెగాహెర్ట్జ్ దగ్గర చూడు.

---

నానో_నవీన | సోమవారం, మధ్యాహ్నం 12:30

స్కోప్ ఉంది అన్నా, హై వోల్టేజ్ ప్రోబ్ కూడా ఉంది. ప్రోబ్‌ని జనరేటర్ దగ్గర పెట్టనా, మ్యాచింగ్ బాక్స్ (జనరేటర్ పవర్‌ని ప్లాస్మాకి సరిపోయేలా అందించే పెట్టె) తర్వాతా?

---

వాక్యూమ్_మావయ్య | సోమవారం, మధ్యాహ్నం 12:52

మ్యాచింగ్ బాక్స్ తర్వాతే అమ్మా, ఎలక్ట్రోడ్‌కి ఎంత దగ్గరైతే అంత మంచిది. జనరేటర్ వైపు పెడితే మ్యాచింగ్ బాక్స్ హార్మోనిక్స్‌ని చాలావరకు మింగేస్తుంది, నీకు ఏమీ కనబడదు. ప్రోబ్ తగిలించాక మళ్లీ ట్యూన్ చేసుకో. ఒకసారి ఉత్త ఆర్గాన్‌తో నడిపి మూడో హార్మోనిక్ నిలకడగా ఉందో లేదో చూశాకే సైలేన్ వదులు.

ఛాంబర్ తెరిచే ముందు నైట్రోజన్‌తో నింపడం, పంప్ చేయడం మళ్లీ మళ్లీ చెయ్యి, తొందరపడకు. సైలేన్ గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది, ఆ పౌడర్‌కి కూడా అంటుకునే గుణం ఉంది. మాస్క్ లేకుండా తుడవకు. వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగే పని అసలే చేయకు, తడిగుడ్డతో తియ్యి.